దొరలు ఎంచుకున్న ఊళ్ళు

ఉగాది వెళ్ళిన రెండో ఆదివారంనాడు మా పెద్దవాడు ఇంగ్లండు నుండి ఫోను చేశాడు. కర్నూలు వైద్య కళాశాలలో చదివి, అక్కడి ఆసుపత్రులలో వైద్యుడుగా పని చేస్తున్నవాడు. ఇప్పుడున్న చోట గడువు ముగుస్తున్నదట. "నాయనా, నాలుగు ఊర్ల పేర్లు పంపించినాను. నాలుగూ సముద్రం ఒడ్డునే. నువ్వూ అమ్మా చూసి, ఏది బాగుంటుందో చెప్పండి. మీరు వచ్చి ఉండాల్సిన ఊరు గదా" అన్నాడు.

ఉండడమంటే శాశ్వతంగా కాదు. 2012 జూలైలో అక్కడి ప్రభుత్వం నిబంధనలు బిగించిన తరువాత, ముసలి తల్లిదండ్రులు పిల్లల దగ్గర స్థిరపడడం దుర్లభమైపోయింది. సందర్శకులుగా పోతే మాత్రం ఒక విడతకు ఆరు నెలలు ఉండవచ్చును. ఏటా ఆరు నెలలు అక్కడా, ఆరు నెలలు కడపలోనూ అని వాడి ఆలోచన. మనుమడికి ఆరేళ్ళు. తెలుగు అర్థం చేసుకుంటాడు కానీ బదులు మాత్రం ఇంగ్లీషులోనే చెబుతాడు. వాడి కోసమైనా రమ్మని కోడలు కూడా అడుగుతున్నది.

జాబితాలో ఉన్నవి బ్రైటన్, బోర్న్‌మత్, టోర్కీ, సౌత్‌పోర్ట్. కడప, కర్నూలు జిల్లాలలో పుట్టి, చదివి, ముప్ఫై అయిదేళ్ళు ఆ రెండు జిల్లాలలోనే తెలుగు పంతులుగా పని చేసినవాణ్ణి. సముద్రాన్ని నేను చూసినది వేళ్ళమీద లెక్కపెట్టదగినన్ని మార్లు. అట్టివాణ్ణి ఇంగ్లండులో సముద్రతీరపు ఊరొకటి ఎంచుకొమ్మంటే ఏమి చెప్పగలను? ఏమీ తోచక, నాకు తెలిసిన దారిలో ఆలోచించడం మొదలుపెట్టాను. ఇప్పుడు మనవాళ్ళు అటు పోయి ఊళ్ళు ఎంచుకుంటున్నారు. రెండు వందల ఏళ్ళకు పూర్వం అటువాళ్ళు ఇటు వచ్చి మన మెట్ట సీమలో ఊళ్ళు ఎంచుకున్నారు. వాళ్ళు ఏమి చూసి ఎంచుకున్నారు? కొలువు ముగిసి, చేతిలో డబ్బూ తీరికా ఉన్ననాడు, ఏ ఊరు చేరుకున్నారు? ఈ ప్రశ్నతో నాలుగు వారాలు పాత పుస్తకాలు తిరగేశాను. దొరికినదాన్ని మిత్రుల ముందు ఉంచుతున్నాను.

మొదట ఒక మాట. ఇంగ్లీషువాళ్ళకు సముద్రపుటొడ్డు మీద మోజు అనాదిగా ఉన్నదేమీ కాదు. పూర్వం అది చేపలు పట్టేవారి చోటు, ఓడలు ఎక్కేవారి చోటు. 1750లో రిచర్డ్ రస్సెల్ అనే వైద్యుడు సముద్రజలం సర్వరోగనివారిణి అని లాటిన్‌లో ఒక గ్రంథం రాశాడు. స్నానం చేయడమే కాదు, తాగమన్నాడు కూడా! అక్కడి నుండి కలిగినవాళ్ళు బ్రైటన్‌కు పోవడం మొదలయింది. తరువాత రాజకుమారుడొకడు అక్కడ విడిది కట్టుకున్నాడు. ఆ కట్టడం బయటికి మన నవాబుల మహలు మాదిరి గుమ్మటాలతో ఉంటుంది. 1841లో లండను నుండి అక్కడికి రైలు పడిన తరువాత మామూలు జనం కూడా పోసాగారు.

ఆ బ్రైటన్‌లోనే దీన్ మహమ్మద్ అనే బీహారు మనిషి పందొమ్మిదో శతాబ్ది మొదట్లో ఆవిరి స్నానాల దుకాణం పెట్టి, తలంటి మర్దన చేయించి, రాజులకు కూడా సేవకుడైనాడు. 1851లో ఆ ఊళ్ళోనే పోయాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో గాయపడిన మన సిపాయిలకు ఆ గుమ్మటాల మహలునే 1914 డిసెంబరులో ఆసుపత్రి చేశారు. అక్కడ చనిపోయిన హిందూ, సిక్కు సైనికులను ఊరి బయట గుట్టలమీద దహనం చేసిన చోట పాలరాతి ఛత్రి ఒకటి కట్టి 1921లో ప్రారంభించారు. మావాడి జాబితాలో మొదటి పేరు కనుక ఇంత చెప్పాను. మన మనుషుల చితాభస్మం కలిసిన ఊరు అన్న సంగతి మా ఆవిడకు మాత్రం చెప్పలేదు.

ఇక మన సీమకు వద్దాం. 1800 అక్టోబరులో నిజాము ఈ ప్రాంతాలను కుంఫిణీకి దత్తం చేశాడు. అందుచేత దత్తమండలాలు అయినాయి. ఆ పేరు అవమానకరమని తలచి, 1928లో నంద్యాలలో జరిగిన సభలో చిలుకూరి నారాయణరావు గారు రాయలసీమ అని పేరు సూచించేవరకు మనం దత్తులమే. ఇంతటి భూభాగం చేతికి వచ్చినప్పుడు, పాలించేవాడు ఎక్కడ కాపురముండాలి అన్నది చిన్న ప్రశ్న కాదు. 1808లో కడప జిల్లా వేరుపడినప్పుడు మొదట ముఖ్యపట్టణమయినది కడప కాదు, సిద్ధవటం. పెన్న ఒడ్డున రాతికోట, చుట్టూ కొండలు, చూడముచ్చటైన చోటు. నాలుగేళ్ళు తిరగకుండానే, 1812లో, దొరలు అక్కడి నుండి కడపకు మారారు. సిద్ధవటం మళ్ళీ పల్లె అయింది. ఈనాటికీ ఆ కోట గోడలు చూస్తుంటే, నాలుగేళ్ళు జిల్లాకు రాజధానిగా ఉన్న దర్పం ఏ రాతిలోనూ కనబడదు.

కడప మాత్రం దొరలకు సుఖమైన ఊరా? వేసవిలో మిట్టమధ్యాహ్నం కాకులు కూడా నోళ్ళు తెరుచుకొని కూర్చుంటాయి. మూడు వైపులా కొండలు ఉండడంచేత వేడి బోర్లించిన కుండలో పట్టినట్లు ఉంటుంది. వాళ్ళకు సముద్రం లేదు. ఉన్నది కొండ. పందొమ్మిదో శతాబ్ది ద్వితీయార్ధంలో కడప కలెక్టరుగా ఉన్న హార్స్‌లీ, ఆనాడు ఈ జిల్లాలోనిదైన మదనపల్లె తాలూకాలో, ఏనుగు మల్లమ్మ కొండమీద వేసవికి ఇల్లు కట్టుకున్నాడు. సముద్రమట్టానికి నాలుగు వేల అడుగులకు పైచిలుకు ఎత్తు. ఏనుగులు పెంచిన మల్లమ్మ అనే అమ్మాయి కథతో తరతరాలుగా పిలుచుకుంటున్న కొండ, ఒక దొర ఎండకు తాళలేక పైకెక్కినందువలన హార్స్‌లీ కొండ అయిపోయింది. మల్లమ్మ గుడి ఉన్నది కనుక ఆ పేరు పూర్తిగా మాసిపోలేదు. హార్స్‌లీ ఎంపిక మామూలు మనిషి ఎంపిక. చల్లగా ఉన్నచోట ఉందామన్నది. అందులో తప్పు పట్టవలసినది లేదు, చెప్పుకోవలసినదీ లేదు.

చెప్పుకోవలసినవారు వేరే ఉన్నారు.

కాలిన్ మెకంజీ పేరు మిత్రులకు కొత్త కాదు. ఆయన పుట్టినది స్కాట్లండుకు పడమట, లూయిస్ అనే దీవిలోని స్టోర్నొవే అనే రేవు పట్టణంలో. నిజమైన సముద్రతీరపు ఊరు. అక్కడ సుంకాల కచ్చేరిలో కొలువు చేశాడు. 1783లో మదరాసుకు వచ్చాడు. ఆ తరువాత 38 ఏళ్ళలో జావా వంటి చోట్లకు పోయాడు గాని, తన దీవికి ఒక్కసారి కూడా తిరిగి పోలేదు. నేలలు కొలిచాడు, పటాలు గీశాడు, భారతదేశానికి మొదటి సర్వేయరు జనరల్ అయినాడు. ఏలూరి వారైన కావలి సోదరులు బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి ఆయనకు కళ్ళూ చెవులూ అయినారు. ఆయన మనుషులు దత్తమండలాలలో ఊరూరా తిరిగి, కరణాలను, పూజారులను, ముసలివాళ్ళను అడిగి రాయించిన కైఫియత్తులు లేకపోతే, మా కడప జిల్లా పల్లెల చరిత్రలో సగం గాలిలో కలిసిపోయి ఉండేది. 1821 మే 8న కలకత్తా దగ్గర హుగ్లీ నదిలో పడవమీదనే ప్రాణం విడిచాడు. సముద్రం ఒడ్డున పుట్టినవాడు నదిమీద పోయాడు. ఊరు ఎంచుకొనే అవకాశమే ఆయనకు రాలేదు. వచ్చినా ఏమి చేసి ఉండేవాడో, ఆ కట్టలు కట్టలు కాగితాలను వదిలి దీవికి పోయి ఉండేవాడా అని నాకు సందేహమే.

థామస్ మన్రో సంగతి అట్లా కాదు. ఆయనకు ఎంపిక ఉండినది. రెండు మార్లు ఉండినది.

గ్లాస్గోలో 1761లో పుట్టి, 1780లో సామాన్య సైనికోద్యోగిగా మదరాసులో దిగిన మనిషి. 1800 నుండి 1807 దాకా దత్తమండలాలకు ప్రిన్సిపల్ కలెక్టరు. ఆ ఏడేళ్ళలో ఆయనకు ఇల్లన్నది పేరుకే. ఎక్కువ కాలం గుడారాలలోనే గడిచింది. పొలం పొలం కొలిపించి, రైతు పేరున నేరుగా పన్ను కట్టే పద్ధతిని ఇక్కడ పాదుకొల్పాడు. మనవాళ్ళలో కొందరు ఆయనను దేవుణ్ణి చేశారు. మన్రోలప్ప అని పిల్లలకు పేరు పెట్టుకొన్నారని మా పెద్దలు చెప్పగా విన్నాను. మంత్రాలయంలో రాఘవేంద్రస్వామి ఆయనకు దర్శనమిచ్చారనీ, గండి క్షేత్రంలో బంగారు తోరణం ఆయన కంటబడిందనీ కథలున్నాయి. నేను బడిలో ఈ కథలు చెప్పేటప్పుడు వాటికి జతగా మరొక సంగతి కూడా చెబుతుండేవాణ్ణి. ఆయన వచ్చినది మన పంటలో వాటా తీసుకుపోయే కంపెనీ తరఫున. పాలెగాండ్రను అణచి, వాళ్ళ కోటలు పడగొట్టి, దేశం నెమ్మది చేశాడు. ఆ నెమ్మదికి ఖరీదు రైతు కట్టాడు. అయితే ఆ ఖరీదు హెచ్చయిందని గ్రహించి, 1807లో పోతూపోతూ, శిస్తు నూటికి 25 వంతులు తగ్గించమని పైవాళ్ళకు రాసినవాడు కూడా ఆయనే. పైవాళ్ళు వెంటనే వినలేదు. రెండూ నిజమే.

1807లో సెలవు మీద స్వదేశానికి పోయాడు. అప్పటికి నలభై ఆరేళ్ళవాడు, 27 ఏళ్ళు ఇక్కడ గడిపినవాడు. చేతిలో ధనముంది. ఎక్కడ కావాలంటే అక్కడ ఇల్లు కొని, హాయిగా కాలక్షేపం చేయవచ్చును. ఆ కాలంలో ఇండియా నుండి పోయిన దొరలు చేసిన పని అదే. బాత్, చెల్ట్నమ్ వంటి నీటి ఊళ్ళలోనూ, సముద్రం ఒడ్డునా చేరి, కాలేయం బాగుచేసుకుంటూ, పాత యుద్ధాల కబుర్లు చెప్పుకొనేవారు. మన్రో ఆరేడేళ్ళు అక్కడ ఉండి, పెండ్లి చేసుకొని, 1814లో మళ్ళీ మదరాసు ఓడ ఎక్కాడు. ఇది మొదటి ఎంపిక. 1819లో మళ్ళీ వెళ్ళాడు. 1820లో మదరాసు గవర్నరుగా తిరిగి వచ్చాడు.

రెండవది మరింత బరువైనది. గవర్నరుగిరీ చాలునని ఆయన కొన్నేళ్ళ ముందే అడిగాడు. బర్మా యుద్ధం వచ్చిపడి ఆగవలసివచ్చింది. చిన్నకొడుకు జబ్బుపడగా భార్య 1826లో బిడ్డను తీసుకొని ముందుగా ఓడెక్కింది. ఇక ఆయన కూడా పోవాలి. తరువాతి గవర్నరు రావడమే తరువాయి. ఆ మిగిలిన రోజులను మదరాసులో సముద్రపుగాలి పీల్చుకుంటూ గడపవచ్చును. ఎవరూ కాదనరు. ఆయన దత్తమండలాలు మరొకమారు చూసి వస్తానని 1827 మే నెల చివర బయలుదేరాడు. మే నెలలో! మన ఎండలు తెలిసిన మనిషి, అరవై ఆరేళ్ళ వయసులో, వీడ్కోలు చెప్పడానికి ఈ నల్లరేగడిలోకి వచ్చాడు.

గుత్తి చేరేసరికి దండులో కలరా కనిపించింది. అక్కడి నుండి పత్తికొండకు వచ్చారు. అప్పటికి కర్నూలు ఇంకా నవాబు ఏలుబడిలోనే ఉన్నది. పత్తికొండ మాత్రం కుంఫిణీ సీమ. జూలై 6 ఉదయం ఆయనకే వాంతులు పట్టుకున్నాయి. ఆ రాత్రి తొమ్మిదిన్నర ప్రాంతంలో పోయాడు. గుత్తిలో పాతిపెట్టి, 1831లో మదరాసు కోటలోని చర్చికి మార్చారు. పత్తికొండలో ఆయన పేర ఒక తోపూ, మెట్ల బావీ ఏర్పాటు చేశారు. మౌంటు రోడ్డులో గుర్రం మీద కూర్చున్న విగ్రహం అందరూ చూసినదే. దానికి రికాబులు లేవని వేళాకోళం చేయనివారు లేరు. నాకు మాత్రం ఆ విగ్రహం చూసినప్పుడెల్లా పత్తికొండే గుర్తుకు వస్తుంది. నేను ఆ తాలూకాలో పని చేసిన రోజులలో, పల్లెలో ఒక ముసలి రెడ్డిగారు, "దొర ఇంటికి పోతాపోతా మన ఊర్లో పండుకున్యాడు సామీ" అన్నాడు. ఆ మాటలో భక్తి లేదు, ద్వేషం లేదు. దారిన పోయే బాటసారిని గురించి చెప్పినట్లు చెప్పాడు.

ఇక బ్రౌను. ఈయన దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగుతాను. మా ఇల్లు కడపలో ఎర్రముక్కపల్లె పక్కనే. ఆయన బంగళా ఉండిన చోట వెలసిన గ్రంథాలయానికి సాయంకాలం నడిచిపోవడం నాకు పదవీ విరమణ తరువాత నిత్యవిధి. జానమద్ది హనుమచ్ఛాస్త్రి గారు ఇల్లిల్లూ తిరిగి చందాలు పోగుచేసి నిలబెట్టిన సంస్థ అది. ఆయన 2014లో గతించారు. ఇప్పుడది యోగి వేమన విశ్వవిద్యాలయం కింద భాషాపరిశోధన కేంద్రం. మెకంజీ కైఫియత్తులను సంపుటాలుగా అచ్చువేసినది వాళ్ళే.

చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ పుట్టినది కలకత్తాలో, 1798 నవంబరు 10న. కనుక ఇంగ్లండు ఆయనకు పుట్టిల్లు కాదు. తండ్రి పోయిన తరువాత, పదిహేనేళ్ళయినా నిండని వయసులో, అక్కడికి పోయి, హెయిలీబరీ కళాశాలలో కుంఫిణీ కొలువుకు తగిన చదువు చదివి, 1817లో మదరాసుకు వచ్చాడు. 1820లో కడపకు. అప్పుడు కలెక్టరు హాన్‌బరీ. మరుసటి ఏడే ఇక్కడ పిల్లలకు ఉచితంగా చదువు చెప్పే బడులు తన ఖర్చుతో పెట్టించాడు. 1822లో మచిలీపట్నానికి బదిలీ. అది రేవు పట్నం. ఆ కాలంలో కోస్తాలో తెల్లవాళ్ళు ఎక్కువగా ఉండిన చోటు. తరువాత రాజమహేంద్రవరం. గోదావరి గట్టు.

ఇక్కడే నా ప్రశ్నకు జవాబు వంటిది దొరికింది. బందరు సముద్రం చూశాడు, గోదావరి చూశాడు. వేమన మీద ఆయనకు దృష్టి మళ్ళినది కూడా బందరులో ఉన్నప్పుడే. అయితే ఇల్లు కొన్నది ఎక్కడ? 1826లో మళ్ళీ కడపకు వచ్చినప్పుడు, పదిహేనెకరాల తోటతో ఉన్న బంగళా ఇక్కడ కొన్నాడు. అందులో పండితులను చేర్చాడు. తాళపత్రాలు తెప్పించి, ప్రతులు పోల్పించి, తప్పులు దిద్దించి, వ్యాఖ్యలు రాయించాడు. జూలూరి అప్పయ్య వంటి పండితులకు జీతాలు తన జేబులో నుండి, చాలనప్పుడు అప్పు తెచ్చి ఇచ్చాడు. 1829లో వేమన పద్యాలు ఆంగ్లానువాదంతో అచ్చయినాయి. తరువాత తనకు వేరే ఊళ్ళకు బదిలీ అయినా, కడప బంగళాలో ఆ పని ఆగలేదు. అయోధ్యాపురం కృష్ణారెడ్డి అనే స్థానికుడు ఆ వ్యవహారమంతా చూస్తుండేవాడు. యజమాని లేని ఇంట్లో పండితులు భారతభాగవతాలు పోల్చుకుంటూ కూర్చున్న ఆ దృశ్యం ఊహించుకోండి. ఎండాకాలం, తాటాకు పందిరి, గంటం చప్పుడు. ఆనాడు కడపలో ఆయన కోరినది ఉండినది. మంచి గాలి కాదు, మంచి నీళ్ళు కాదు. ప్రతులు, వాటిని చదవగలిగిన మనుషులు.

1834లో ఉద్యోగం పోయింది. సెలవుమీద లండనుకు పోయాడు. కొలువు పోయిన మనిషి, అప్పులున్న మనిషి. అక్కడ కూడా ఆయన చేసిన పని ఏమిటంటే, కుంఫిణీవారి ఇండియా హౌసులో ఎవరికీ పట్టకుండా పడి ఉన్న దక్షిణాది వ్రాతప్రతులను వెదికి, అవి మదరాసుకు చేరే ఏర్పాటు చేయడం. డాక్టరు లేడెన్ కూడబెట్టిన గ్రంథాలవి. సముద్రం దాటిపోయిన తెలుగు పుస్తకాలు తిరుగు ఓడలో వచ్చాయి. ఆయన కూడా వెనుకనే వచ్చాడు. నిఘంటువులు పూర్తిచేసి, ఆరోగ్యం చెడి, 1855లో శాశ్వతంగా వెళ్ళిపోయాడు.

అప్పటికి యాభై ఏడేళ్ళు. పెండ్లి లేదు, పిల్లలు లేరు. ఈ ఊరికే పోవాలన్న నిర్బంధం ఎవరిదీ లేదు. వైద్యులు చెప్పే ఉప్పుగాలి ఊళ్ళు కావలసినన్ని. ఆయన లండనులో, కిల్డేర్ గార్డెన్స్ అనే వీధిలో 22వ నెంబరు ఇంట్లో ఉన్నాడు. మంచు, బొగ్గు పొగ కలిసి పగలే దీపాలు పెట్టుకోవలసిన నగరం అది ఆ రోజులలో. కాని గ్రంథాలయాలున్నవి. 1865లో అక్కడి యూనివర్సిటీ కాలేజీలో తెలుగు ఆచార్య పదవి దొరికింది. 1884 డిసెంబరు 12న పోయాడు. కెన్సల్ గ్రీన్ శ్మశానంలో సమాధి. కడపలో ఇల్లు కొన్నప్పుడు ఏది చూశాడో, ఇరవై తొమ్మిదేళ్ళ తరువాత లండనులో ఇల్లు చేరినప్పుడూ అదే చూశాడని నాకు అనిపించింది.

ఈ వరసలో ఆర్థర్ కాటన్‌ను కూడా ఒక్కమాటలో చెప్పాలి. గోదావరివాళ్ళు ఆయనను తమవాడంటారు. తుంగభద్ర మీద సుంకేసుల దగ్గర ఆనకట్ట కట్టి కర్నూలు నుండి కడపకు కాలువ తవ్విన పథకం వెనుక కూడా ఆయన ఉన్నాడు. 1860లలో ప్రైవేటు కంపెనీ తవ్విన ఆ కాలువను 1882లో ప్రభుత్వం కొన్నది. కంపెనీ దివాళా తీసింది గాని, కె.సి. కాలువ కింద వరి పండించినవాళ్ళ బిడ్డలు నా దగ్గర చదువుకున్నారు. ఆయన కడపటి రోజులలో ఉన్నది డార్కింగ్ అనే ఊళ్ళో. సముద్రం లేదు, చిన్న కొండలు. అక్కడ తన తోటలో నేలను లోతుగా దున్ని గోధుమ పండించే ప్రయోగాలు చేస్తూ, 1899లో, తొంభై ఆరో ఏట పోయాడు. ఆ వయసులో మట్టి తవ్వాడు!

ఇంతవరకు రాసి చూసుకుంటే, ఒకటి లోపించినట్లు తోచింది. ఇవన్నీ ఎంచుకోగలిగినవాళ్ళ కథలు. హార్స్‌లీ కొండ ఎక్కిన తరువాత ఎన్నో ఏళ్ళు కాకుండానే, 1876 నుండి 78 వరకు, ధాత కరువు వచ్చింది. 1871లో లెక్కించిన కర్నూలు జిల్లా జనసంఖ్య 1881 నాటికి సుమారు నాలుగో వంతు తగ్గిపోయింది. చచ్చినవారు చావగా, మిగిలినవారు కాళ్ళు ఎటు తీసుకుపోతే అటు పోయారు. వాళ్ళకు ఎవరు జాబితా ఇచ్చారు? నేటికీ మా రాజంపేట, రాయచోటి ప్రాంతాలవారికి సముద్రతీరపు పట్టణమంటే కువైట్. అక్కడ ఇళ్ళలో పని చేసే ఆడవాళ్ళు, బండ్లు తోలే మగవాళ్ళు, నా పాత విద్యార్థులే ఎందరో. వాళ్ళలో ఒకడు సెలవుకు వచ్చినప్పుడు, "అక్కడ సముద్రం బాగుంటుందా రా?" అని అడిగాను. "ఏమో సార్, శుక్రవారం ఒక్కరోజే సెలవు. బట్టలు ఉతుక్కునేదానికే సరిపోతాది" అన్నాడు. ఆ మాట విన్నప్పటినుండి, నాలుగు ఊళ్ళలో ఏది బాగుంటుందని అడిగే కొడుకు ఉన్నందుకు కొంత సిగ్గు కూడా కలిగింది. అయినా జవాబు చెప్పక తప్పదు.

నా పని ఒకటున్నది. బ్రౌను నిఘంటువులో ఉండి, మా జిల్లా పల్లెలలో ఇంకా నోట నిలిచి ఉన్న మాటలేవో, నా చిన్నప్పుడు విని ఇప్పుడు వినబడనివేవో, అవి నోటుపుస్తకాలలో రాసుకుంటున్నాను. పదకొండు పుస్తకాలయినవి. కపిల తోలడం, గుంటక పాయడం, గొర్రు కట్టడం, ఈ పనులతో పాటే వాటి మాటలూ పోతున్నాయి. చెప్పగలిగిన ముసలివాళ్ళు ఏడాదికి ఇద్దరు ముగ్గురు చొప్పున తగ్గిపోతున్నారు. ఆరు నెలలు నేను లేకపోతే అందులో ఎవరిని పోగొట్టుకుంటానో తెలియదు. అక్కడ చూస్తే ఆరేళ్ళవాడు ఒకడు, తాత మాట అర్థమయీ తిరిగి పలకనివాడు. వాడు కూడా అట్లాగే ఉండిపోడు. ఇంకో నాలుగేళ్ళు పోతే అర్థమవడం కూడా మానవచ్చును. ఈ రెండింటిలో ఏది ముందో మన్రోని అడిగినా, బ్రౌనుని అడిగినా చెప్పలేరు. ఒకరు బిడ్డను ముందు పంపి వెనుక ఉండిపోయినవారు, మరొకరికి బిడ్డలే లేరు.

చివరికి తేల్చినది మా ఆవిడ. ఆమెది నంద్యాల. పెండ్లి అయినప్పటినుండి కడప. మోకాళ్ళ నొప్పులు కనుక ఎత్తుపల్లాలు లేని ఊరు కావాలన్నది. టోర్కీ గుట్టలమీద కట్టిన ఊరని తెలిసి దాన్ని కొట్టివేసింది. బ్రైటన్‌లో ఇంటి అద్దె ఎంతో మావాడు చెప్పగా విని, దాన్నీ కొట్టివేసింది. బోర్న్‌మత్ బాగానే ఉన్నదన్నది. తరువాత సౌత్‌పోర్ట్ బొమ్మలు చూపించాను. ఆ ఊరిది ఒక వింత. తీరం బల్లపరుపు కావడంచేత, ఆటు వచ్చినప్పుడు సముద్రం చాలా దూరం వెనక్కి పోతుంది. ఒడ్డున నిలబడితే నీళ్ళే కనబడవు. కంటికి ఆనినంత మేర ఇసుక.

ఆమె అద్దాలు సరిచేసుకొని చాలాసేపు చూసింది.

"సముద్రం ఏదండీ?"

"వెనక్కి పోయిందట. మళ్ళీ వస్తుందట."

"ఇది మన పెన్న మాదిరే ఉండాదే! ఇదే చెప్పండి వానికి."

ఆ రాత్రే వాడికి సౌత్‌పోర్ట్ అని రాశాను. వీలు చూసుకొని ఒకరోజు లండనులో కెన్సల్ గ్రీన్‌కు తీసుకుపొమ్మని, ఇంట్లో కిటికీ పక్కన రాసుకోవడానికి ఒక బల్ల వేయించమని కూడా రాశాను. కొలువు వాడికి ఆ ఊళ్ళోనే కుదురుతుందో లేదో వచ్చే నెలలో గాని తెలియదు. ఈలోగా నోటుపుస్తకాలు పదకొండూ బరువు తూయించాలి. విమానంలో మనిషికి ఇన్ని కిలోలని లెక్క ఉన్నదట. ఊరగాయ జాడీలకు ముందే చోటు కేటాయించేశారు.